పెద్దామె పెట్టెలో పసుపు గొడుగులు

పెట్టె మూత పక్కకు జరిపి, మూలన నీళ్ళు చిలకరించబోయిన రామాంజినమ్మ చెయ్యి మధ్యలోనే ఆగిపోయింది. పెద్దామె గుహ వాకిట్లో మూడు పుట్టగొడుగులు నిలబడి ఉన్నాయి. చిటికెన వేలంత పొడవు. కాడ నుంచి తల దాకా ఒకటే పసుపు. నిన్న పొద్దున ఇదే వేళకు, ఇదే మూలన ఆమె నీళ్ళు చల్లింది. అప్పుడక్కడ మన్ను తప్ప ఏమీ లేదు.

"వానే లేదు గదా తల్లీ, యాడనుంచి వచ్చినారు మీరు?" అంది పైకే.

వాన లేదన్నది నిజం. శ్రావణం సగం గడిచిపోయింది. పొద్దున గార్లదిన్నె నుంచి బస్సులో వస్తుంటే దారి పొడుగునా ఎర్రటి చేలు నోళ్ళు తెరుచుకుని కనిపించాయి. విత్తనం వేసినవాళ్ళు ఎందుకు వేశామా అని, వేయనివాళ్ళు ఎప్పుడు వేస్తామా అని ఏడుస్తున్నారు. పుట్టగొడుగన్నది చూసి ఆ ఊళ్ళకి రెండేళ్ళయింది. అలాంటిది అనంతపురంలో, మేడ మీద గదిలో, గాజు పెట్టెలో!

పెద్దామె అంటే సాలీడు. మామూలు సాలీడు కాదు, అరచెయ్యి చాలదు దానికి. ఒళ్ళంతా నల్లటి నూగు, మోకాళ్ళ దగ్గర ఎర్ర పట్టీలు. శశికుమార్ గదిలో ఇలాంటివి ఏడున్నాయి, ఏడు పెట్టెల్లో. శశికుమార్‌ది చిలమత్తూరు. ముప్పై నిండలేదు. బెంగళూరు కంపెనీ పని ఈ అద్దెగదిలో కూర్చుని కంప్యూటర్లో చేసుకుంటాడు. కుక్కను పెంచుకోవచ్చు, చిలకను పెంచుకోవచ్చు, ఆయనకు మాత్రం ఇవే కావాల్సి వచ్చాయి. రామాంజినమ్మను పెట్టుకున్నది గిన్నెలు కడిగి ఇల్లు ఊడవడానికి. మొదటి వారం ఆ గది గడప తొక్కలేదామె. రెండో వారం ఒక కన్ను మూసుకుని ఊడ్చింది. ఏడో నెల వచ్చేసరికి ఏ పెట్టెలో ఎంత తడి ఉండాలో, తిని వదిలేసిన మిడత కాళ్ళు పట్టకారుతో ఎలా ఏరాలో శశికుమార్ కంటే ఆమెకే బాగా తెలుసు. వాటన్నిటికీ ఇంగ్లీషు పేర్లున్నాయి. ఆమె ఆ పేర్ల జోలికి పోలేదు. అన్నిట్లోకీ పెద్దది ఆడదని, దానికి పద్నాలుగేళ్ళని విన్న రోజే 'పెద్దామె' అని పేరు పెట్టేసింది. ఇప్పుడు శశికుమార్ కూడా అట్లాగే పిలుస్తాడు.

ఆ పెద్దామె ఇరవై రోజులుగా మిడత ముట్టలేదు. వీపు వెనక నూగు రాలి బోడిగా ఉన్న చోట చర్మం నల్లబడింది. గుహ ముందర తెల్లటి దారంతో చాప అల్లుకుంటోంది. కుబుసం విడవబోతోందని శశికుమార్ చెప్పాడు. చెప్పకపోయినా రామాంజినమ్మకు తెలిసేదే. గట్ల మీద పాములూ అంతే కదా, తిండి మానేసి, మసకబారి, తడి ఉన్న చోటు వెతుక్కుంటాయి. పెద్దామె ఆ చాప మీద వెల్లకిలా పడుకుని, పాత ఒంట్లోంచి కొత్త ఒంటితో బయటికి రావాలి. సరిగ్గా ఆ చాప మధ్యలోంచే ఒక గొడుగు పొడుచుకొచ్చింది.

"సారూ! ఓ శశి సారూ! ఈడికి రాప్పా ఒకసారి."

శశికుమార్ చెవులకు మీటింగు తగిలించుకునే వచ్చాడు. "ఒక్క నిమిషం" అని ఎవరికో ఇంగ్లీషులో చెప్తూ పెట్టెలోకి వంగాడు. చూశాడు. చెవులకున్నది పీకి మంచం మీదికి విసిరేశాడు.

"ఏమక్కా ఇది? ఎప్పట్నుంచి ఉండాయి ఇవి?"

"ఇప్పుడే చూసినా. నిన్న లేవు."

"నిన్న లేకుండా ఈ పొద్దు ఎట్ల వస్తాయి?"

"గొడుగులంటే అంతే గదప్పా. రాత్రికి రాత్రే లేస్తాయి."

అతను ఫోను తీసి నాలుగు వైపుల నుంచీ ఫోటోలు కొట్టాడు. సాలీళ్ళు పెంచేవాళ్ళకి ఫోన్లో ఒక గుంపు ఉంది. ఈ దేశం వాళ్ళూ, ఏ దేశం వాళ్ళో, రోజంతా అందులో మాట్లాడుకుంటూనే ఉంటారు. ఫోటో వెళ్ళిన క్షణం నుంచి ఫోను టింగుటింగుమని మోగింది. ఒకడు 'ఏం కాదు, పీకి పారెయ్' అన్నాడు. ఒకడు 'ముట్టుకోకు, అవే పోతాయి' అన్నాడు. ఇంకొకడు కుబుసం విడిచేటప్పుడు మెత్తటి ఒంటికి బూజు పట్టి తన సాలీడు చచ్చిపోయిందని, పాత ఫోటో ఒకటి పెట్టాడు. మంచి చెప్పినవాళ్ళు పదిమంది ఉన్నా మనిషి పట్టుకునేది ఆ పదకొండోవాడి మాటే. శశికుమార్ ఫోను పక్కన పడేశాడు.

"మన్ను," అన్నాడు. "ఏం మన్ను తెచ్చినావక్కా నువ్వు?"

పది రోజుల కిందట పెద్దామెకు కొత్త మన్ను మార్చారు. సగం కోకోపీట్, ఆన్‌లైన్లో తెప్పించిన కొబ్బరి పొట్టు ఇటుక, బకెట్లో నానబెట్టి పొడి చేసింది. సగం రామాంజినమ్మ సంచిలో మోసుకొచ్చిన ఎర్రమన్ను. గుహ తవ్వుకోవడానికి ఎర్రమన్ను కలిస్తే గట్టిగా నిలబడుతుందని ఆ గుంపులోనే ఎవరో చెప్పారు.

"మా చేను మన్నే సారూ. మంద పెట్టిన మన్ను."

"మంద అంటే?"

ఆమెకు చెప్పాలంటేనే ముఖం విప్పారింది. వేసవిలో మడకశిర వైపు నుంచి గొర్రెల మందలు వస్తాయి. వాటిని ఎవరి చేన్లో నిలుపుకుంటే ఆ చేను ఆ ఏడు పండుతుంది. కాపరికి బువ్వ పెట్టి, బతిమాలి, వంతు కోసం కాచుకుని నిలుపుకోవాలి. ఆమె మొగుడు రామప్ప ఈ ఏడు అట్లాగే రెండు రాత్రులు మంద పెట్టించాడు. శశికుమార్ అడిగింది ఏదో ఒక ఎర్రమన్ను. రోడ్డు పక్కదైనా చాలన్నాడు. ఆమెకు ప్రాణం ఒప్పలేదు. నోరు తెరిచి అడిగిన మనిషికి రోడ్డు పక్క గులకరాళ్ళ గరుసు ఎత్తి ఇస్తారా ఎవరైనా? రామప్పకు కూడా చెప్పకుండా, మంద పడుకున్న చోట పైమన్ను గీసి, సంచికెత్తి, బస్సులో ఒడిలో పెట్టుకుని తెచ్చింది.

"రెండు వందల గొర్రెలు పండుకున్న చోటు సారూ అది. అంతకంటే మంచి మన్ను నాకాడ లేదు."

"అంటే గొర్రె పెంటికలా?" శశికుమార్ అరిచాడు. "పెంట మన్ను తెచ్చి పెద్దామె కింద పోసినావా?"

ఆ అరుపుకి కింది నుంచి ఇంటావిడ కృపాకుమారి మెట్లెక్కి వచ్చింది. పెద్దాసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి, శుభ్రమంటే ప్రాణం. ఈ వీధిలో రామాంజినమ్మకు మూడిళ్ళ పని కుదిర్చింది ఆవిడే. పురుగులున్న గదిలోకి ఆవిడ ఎప్పుడూ రాదు, గడప బయటే ఆగింది.

"ఏం పెంట? నా ఇంట్లోకి పెంట తెచ్చినావా రామాంజినమ్మా?"

"పెంట కాదు కృపమ్మా..."

"చూడండి ఆంటీ, ఎట్ల మొలిచినాయో!" శశికుమార్ పెట్టెను గడప వైపు తిప్పాడు. "ఇది పద్నాలుగేళ్ళది. ఈ వారంలో కుబుసం విడవాల. ఇప్పుడీ బూజు పట్టితే ఇంకేమన్నా ఉందా?"

రామాంజినమ్మకూ అనుమానం వచ్చింది. నిజంగా తన మన్నులోంచే వచ్చాయా? మంద పెట్టిన చేన్లో గొడుగులు లేస్తాయి, అబద్ధమెందుకు? కానీ ఆమె మళ్ళీ పెట్టెలోకి చూసింది.

"సారూ, మా చేన్లో లేసే గొడుగు తెల్లగుంటాది. అదీ వాన పడితేనే. పొద్దెక్కే తలికి నల్లగా సిరా మాదిరి కారిపోతాది. ఇట్ల పసుప్పచ్చది నా జన్మలో చూళ్ళేదు. ఇంగో సగం నీ ఇటుకది గదా?"

శశికుమార్ అలమరలోంచి ఖాళీ ప్యాకెట్టు తీసుకొచ్చి ఆమె ముఖం ముందర పట్టాడు. "దీన్ని ఆవిరిలో ఉడికించి ప్యాక్ చేస్తారు. బూజు రాదని రాసిండాది, చూడు."

రాసింది ఇంగ్లీషులో. ఆమె దానికేసి చూసింది. అచ్చులో ఉన్న మాటతో ఎవరు పోట్లాడతారు?

అతను స్పూను, గ్లాసు పట్టుకుని పెట్టె ముందర మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఏం చేయబోతున్నాడో అర్థమై ఆమె అడ్డంగా చెయ్యి పెట్టింది.

"వొద్దు సారూ! ఆ మూడూ నేను పీకేస్తా, చాలు. పెద్దామెను మాత్రం కదిలించొద్దు. కుబుసం ఇడిచేదాన్ని కదిలిస్తే తప్పు."

"నాకు తెలుసక్కా! నువ్వు పక్కకు పో."

స్పూనుతో గుహ పైకప్పు లేపాడు. అల్లుకున్న తెల్ల చాప చిరిగిపోయింది. పెద్దామె ముందరి కాళ్ళు రెండూ పైకెత్తింది. మామూలు రోజుల్లో అయితే అంతలో గ్లాసు మీదికి దూకి ఉండేది. ఇప్పుడు ఎత్తిన కాళ్ళు మెల్లగా దించేసింది, ఓపిక లేనట్టు. అతను దాన్ని గ్లాసులోకి తోసి, టిష్యూ కాగితాలు పరిచిన ప్లాస్టిక్ డబ్బాలో వదిలి మూత పెట్టాడు.

"తడి లేకుండా ఎట్లప్పా? ఎండిపోతాది గదా."

"తడి వల్లనే గదా ఇదంతా వచ్చింది!" ఈసారి అతను అరవలేదు. అరిస్తేనే బాగుండేది. "రేపట్నుంచి రావద్దులే అక్కా. నేనే చూసుకుంటా."

"నేను తెచ్చి పెట్టిన మనిషి," అంది కృపాకుమారి గడప బయట నుంచి. "నాకు తలవంపు తెచ్చినావు గదా రామాంజినమ్మా."

రామాంజినమ్మ చేతిలో నీళ్ళు చల్లే సిరంజి ఇంకా అట్లాగే ఉంది. మిగిలిన ఆరు పెట్టెలకూ నీళ్ళు చల్లాల్సి ఉంది. సిరంజిని కిటికీలో పెట్టి, చేతులు కడుక్కుని, కొంగు దోపుకుని మెట్లు దిగింది. గేటు దాటి సందు చివరి దాకా నడిచాక గానీ తనని పని నుంచి తీసేశారన్నది ఆమెకు సరిగ్గా తలకెక్కలేదు.

మర్నాడు మంగళవారం ఎదురింటికి వెళ్ళింది. ఆ ఇల్లు ఫరీన్‌ది, ఆరు నెలల పసిబిడ్డ తల్లి. రోజూ తలుపు బార్లా తెరిచి "రాక్కా, చాయ్ తాగుదువు" అనే అమ్మాయి, ఈ పొద్దు తలుపు జానెడే తెరిచింది.

"కృపా ఆంటీ చెప్పినారక్కా... మన్నులో ఏదో బూజు ఉండాదంట గదా. ఇంట్లో చిన్నబిడ్డ ఉండాది. మా అత్త శానా భయపడతాంది."

"మీ ఇంట్లోకి నేనెప్పుడన్నా మన్ను తెచ్చినానా ఫరీనూ?"

ఫరీన్ తల వంచుకుంది. "నాకేం లేదక్కా. మా అత్తే..."

"సరేలేమ్మా. బిడ్డ జాగ్రత్త."

మూడో ఇంట్లో తలుపే తీయలేదు. కిటికీలోంచి చెప్పి పంపేశారు. రెండు పొద్దుల్లో మూడిళ్ళూ పోయాయి. ఏడు నెలల్లో ఒక స్పూను పోయిందని కూడా ఎవరూ అనని మనిషి ఆమె. కాలిమెట్టె బాత్రూంలో దొరికితే తెచ్చి చేతిలో పెట్టిన మనిషి. బస్టాండులో బెంచీ మీద కూర్చుంటే ఆమెకు ఏడుపు రాలేదు. చెంప మీద ఎవరో ఛెళ్ళున కొట్టి, ఎందుకు కొట్టారో చెప్పకుండా వెళ్ళిపోయినట్టుంది.

ఇంటికి పోగానే సంచి కూడా దించకుండా చేనికి పోయింది. మంద పెట్టించిన చోట చతికిలబడి చేతులతో మన్ను గీసింది. పెంటికలు ఎండి పొడిపొడిగా రాలాయి. ఇంకా లోతుకు గీసింది. పసుప్పచ్చది ఏదైనా, దారం పోగంతైనా దొరుకుతుందేమోనని వెతికింది. దొరికితే తప్పు తనదని ఒప్పేసుకుని నిమ్మళంగా పడుకునేది. ఏమీ దొరకలేదు.

"ఏందే, ఎలుక మాదిరి తవ్వుతాండావు?" గట్టు మీద రామప్ప నిలబడి ఉన్నాడు.

ఆమె దాచకుండా అంతా చెప్పింది. ఆయన విని, గట్టు దిగొచ్చి, పిడికెడు మన్ను చేతిలోకి తీసుకున్నాడు. తిడతాడనుకుంది. తిట్టినా బాగుండేది.

"ఈ మన్ను కోసం ఆ గొర్రెలాయన ఎనకాల ఎన్ని దినాలు తిరిగినానో నీకు తెల్దా?" అన్నాడు. "ఎవరికన్నా ఇస్తే ఇయ్యి. ఇచ్చిన చోట దాన్ని పెంట అన్నారంటే ఎట్ల? మిగిలింది యాడ ఉండాది?"

"ఆడే, మిద్దె మీద. సగం సంచి ఉండాది."

"పోయి తెచ్చేయ్. కాలవలో పోయేకి గాదు మనం మంద పెట్టిచ్చింది."

బుధవారమంతా ఆమెకు అడుగు పడలేదు. ఏ ముఖం పెట్టుకుని పోవాలి? పొయ్యి ముందర కూర్చున్నా, పెద్దామె కాళ్ళు ఎత్తి దించేసిన తీరే కళ్ళ ముందర ఆడింది. గురువారం పొద్దునే బస్సెక్కేసింది.

కృపాకుమారి ఇంటికి పక్క నుంచి మిద్దె మీదికి మెట్లున్నాయి. ఆమె ఎవరినీ పిలవకుండా ఆ మెట్లెక్కింది. నీళ్ళ ట్యాంకు కింద, నీడలో, సంచి మూతి తెరుచుకుని అట్లాగే ఉంది. మోటారు వేసి మర్చిపోయినప్పుడల్లా ట్యాంకు పొర్లి నీళ్ళు ఆ నీడలోనే పడతాయి. సంచి తడిసి ముద్దయింది. ఆమె వంగి లోపలికి చూసింది. ఎర్రమన్ను మీద పచ్చగా ఏవో మొలకలు. నాలుగు గరిక పోచలు, రెండాకుల తుమ్మ మొలక ఒకటి. గొర్రెలు తుమ్మకాయలు తిని వేసిన పెంటికల్లోంచి మొలిచినది. గొడుగన్నది ఒక్కటీ లేదు.

సంచి ఎత్తబోతూ పక్కకు చూసింది.

పక్కనే నీలం బకెట్టు. మన్ను మార్చిన రోజు శశికుమార్ తన కోకోపీట్ ఇటుక నానబెట్టిన బకెట్టు. వాడగా మిగిలింది అందులోనే వదిలేశాడు. దాని మీద సగం మూత. మూత లేని సగంలో పసుపు గొడుగులు గుంపులు గుంపులుగా, ఒకదాన్నొకటి నెట్టుకుంటూ, బకెట్టు అంచు దాటి తలలెత్తి నిలబడ్డాయి. ఆమె మూత తీసింది. మూత కింద ఇంకా ఉన్నాయి. ఆ బకెట్లో ఆమె మన్ను చిటికెడు కూడా కలవలేదు. కలిపింది పెట్టెలో.

"ఓరి నాయనా," అంది. మూడు రోజులు తన మన్నును తానే అనుమానించింది. చేను తవ్వి చూసుకుంది. మొగుడి ముందర దొంగలా నిలబడింది. కోపం అరికాలి నుంచి లేచి తలకెక్కింది. బకెట్టు రెండు చేతులతో ఎత్తుకుని మెట్లు దిగింది. ఈ గొడుగులన్నీ శశికుమార్ మంచం మీద బోర్లించి, రాసింది చదువుకోమని చెప్పి వచ్చేద్దామని.

గది తలుపు తీసే ఉంది. శశికుమార్ నేల మీద, ప్లాస్టిక్ డబ్బా ముందర బోర్లా పడుకుని ఉన్నాడు. చేతిలో సన్నటి కుంచె. కళ్ళు ఎర్రగా వాచి ఉన్నాయి. అడుగుల చప్పుడుకి తలెత్తాడు.

"అక్కా," అన్నాడు. కుంచెతో డబ్బా వైపు చూపించాడు.

టిష్యూ కాగితం మీద పెద్దామె వెల్లకిలా ఉంది. పాత ఒళ్ళు వీపు దగ్గర విచ్చుకుంది. లోపల కొత్త ఒళ్ళు పాలిపోయి, తెల్లగా, మెత్తగా కనిపిస్తోంది. మూడు కాళ్ళు బయటికొచ్చాయి. ఐదు కాళ్ళు పాత తొడుగుల్లోనే ఇరుక్కుపోయాయి. తడి లేక ఆ తొడుగులు ఎండి బిగుసుకున్నాయి.

"తెల్లారుజామున మొదలుపెట్టింది. గంట రెండు గంటల్లో అయిపోవాల. ఇప్పటికి నాలుగు గంటలైతాంది. ఒక కాలు నేనే లాగబోయినా..." కాగితం మీద తెల్లటి చుక్క నీరు ఒకటి మెరిసింది. పెద్దామె రక్తం అట్లాగే ఉంటుంది.

"లాగినావా?" రామాంజినమ్మ బకెట్టు గడప దగ్గర దించేసింది. దేనికి తెచ్చిందో ఆ క్షణం ఆమెకే గుర్తులేదు. "ఎవరన్నా లాగుతారా అప్పా? ఈనే గొర్రెకి పిల్ల అడ్డం పడితే లాగేస్తామా? తల్లీ పిల్లా రెండూ పోతాయి. లెయ్, గోరువెచ్చని నీళ్ళు తే. దూది తే."

అతను లేచి పరిగెత్తాడు. ఆమె చేతులు రెండుసార్లు కడుక్కుని చతికిలబడింది. దూదిని చీల్చి సన్నగా పేని, వెచ్చటి నీళ్ళలో ముంచి, ఎండిన తొడుగుల మీద మాత్రమే ఒత్తింది. తెల్లటి కొత్త ఒంటికి చుక్క తగలనివ్వలేదు. ఒత్తి ఆగింది. మళ్ళీ ఒత్తింది. పెద్దామె కదల్లేదు.

"పోయిందా అక్కా?"

"గమ్మునుండు."

చాలాసేపటికి కడుపు దగ్గర సన్నగా ఒక అదురు. ఆమె తొడుగు కొసను రెండు వేళ్ళ గోళ్ళతో పట్టుకుంది, లాగలేదు. పట్టుకుని ఉంది, అంతే. అదురు వచ్చినప్పుడు పెద్దామె తనే కాలు వెనక్కి గుంజుకుంది. తొడుగు ఆమె గోళ్ళ మధ్య మిగిలిపోయి, కాలు వెంట్రుకవాసి జారింది. అదురు ఆగితే ఆమె చెయ్యీ ఆగింది. మళ్ళీ తడి. మళ్ళీ ఎదురుచూపు. "నొప్పి వచ్చినప్పుడే సాయం పట్టాల. అది ఆగితే మనమూ ఆగాల," అంది, ఎవరికి చెప్తోందో తెలియకుండా. ఒక కాలు వచ్చింది. రెండో కాలు. కిటికీ ఎండ గోడ మీదికి పాకింది. శశికుమార్ ఫోను మంచం మీద మోగి మోగి ఊరుకుంది. మూడు, నాలుగు. ఐదోది అతను లాగబోయిన కాలు. అది మొదట్లోనే తెగిపోయి పాత తొడుగుతో పాటే వచ్చేసింది.

పెద్దామె పక్కకి ఒత్తిగిల్లి, కొత్త కాళ్ళు ఏడూ మెల్లగా చాపింది. గులాబీ రంగు తిరిగిన తెలుపు. ఊపిరి తీస్తున్నట్టు పొట్ట పైకీ కిందికీ ఆడింది.

రామాంజినమ్మ వెనక్కి గోడకి చేరగిలబడింది. నడుము విరిగిపోయినట్టుంది. శశికుమార్ రెండు చేతుల్లో ముఖం దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. ఏడ్చి, ముఖం తుడుచుకుని లేవబోతూ గడప దగ్గరున్న బకెట్టు చూశాడు.

అతను బకెట్టు దగ్గరికి పోయి వంగాడు. గొడుగుల కింద వేళ్ళు పెట్టి తవ్వాడు. అడుగు దాకా కోకోపీట్. ఇంకేమీ లేదు.

"ఇది నా..." అన్నాడు. "ఇందులో నీ మన్ను..."

"నా మన్ను సంచిలో ఉండాది, ట్యాంకు కింద. పోయి చూసుకో. తుమ్మ మొలిచిండాది."

అతను చూడ్డానికి పోలేదు. "అక్కా, నేను... సారీ అక్కా. రేపట్నుంచి వచ్చేయ్."

"నాకు చెప్తే ఏమొస్తాది? నన్ను ఆయమ్మ ముందర అన్నావు. ఆయమ్మ ముందరే చెప్పు. నేను ఉండంగా చెప్పు."

అతను మిద్దెక్కి సంచి దించుకొచ్చాడు. ఆమె బకెట్టు తీసుకుంది. ఇద్దరూ కిందికి దిగారు. కృపాకుమారి వరండాలో బియ్యం చేటలో పోసుకుని రాళ్ళు ఏరుతోంది.

"ఆంటీ," అన్నాడు శశికుమార్. "అదీ... ఆ గొడుగులు మన్ను వల్ల కాదంట ఆంటీ. మన్నులో ఏం దోషం లేదంట."

లేదంట! ఎవరో ఎక్కడో చెప్పగా విన్నట్టు! రామాంజినమ్మ అతని వైపు చూసింది. అతను నేల చూశాడు.

కృపాకుమారి నిట్టూర్చి చేట పక్కన పెట్టింది. మంచి మనిషే, ఆ ముఖంలో దయ కూడా కనిపించింది. "పోనీలే రామాంజినమ్మా. అయిందేదో అయింది. నేను మనసులో పెట్టుకోనులే. రేపట్నుంచి మామూలుగా రా. ఫరీన్ వాళ్ళకి కూడా నేనే నచ్చజెప్తా."

తీసేసిన రోజు కూడా రామాంజినమ్మకు ఇంత దెబ్బ తగల్లేదు. చేయని తప్పుకి క్షమాపణ దొరికింది! తీసుకుని తల వంచుకుంటే మూడిళ్ళూ మళ్ళీ ఆమెవి.

"తప్పు చేసినోళ్ళకి గదమ్మా పోనీలే అనేది," అంది. "నేనేం చేసినానని నాకు పోనీలే అంటాండావు?"

బకెట్టు తెచ్చి చేట పక్కన పెట్టింది. కృపాకుమారి పసుపు గొడుగుల్ని చూసి చటుక్కున కాళ్ళు వెనక్కి తీసుకుంది. శశికుమార్ చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు. తుడిచిన చేతులే మళ్ళీ తుడిచాడు.

"ఆ బకెట్టు నాది ఆంటీ," అన్నాడు చివరికి. "అందులో అక్క మన్ను లేదు. బూజు తెచ్చింది నేనే, డబ్బు పోసి తెప్పించినా. పెద్దామెను కదిలించొద్దని అక్క చెప్తానే ఉండింది. నేనే ఇనలేదు. నా వల్ల దానికి కాలు పోయింది. బతికించింది ఈ అక్కే. తప్పంతా నాది."

మూడు రోజులుగా కొయ్యలా ఉన్న మనిషి, ఆ మాటతో ఒక్కసారిగా కరిగిపోయింది. కళ్ళ నీళ్ళు జలజలా రాలాయి. దేనికైనా సిద్ధపడి వచ్చింది గానీ, ఈ మాట నిజంగా వింటానని ఆమె అనుకోలేదు. కృపాకుమారి చేట ఒళ్ళోకి లాక్కుని, లేని రాళ్ళు వెతికింది.

రామాంజినమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. అదే కొంగు చుట్టగా చుట్టి నెత్తిన పెట్టుకుంది.

"ఒక చెయ్యి ఎయ్యప్పా," అంది.

శశికుమార్ వంగి సంచిని రెండు చేతులా కావలించుకున్నాడు. తడి ఎర్రమన్ను చొక్కా నిండా అంటుకుంది. ఎత్తి ఆమె నెత్తి మీద నిలిపాడు. మొలకలు విరగకుండా సంచి మూతి సర్దాడు.

"రేపు వస్తావా అక్కా?"

ఆమె ఎదురింటి వైపు చూసింది. "ఎదురింట్లో కూడా చెప్పు," అంది. "నాకు అన్నట్లే చెప్పు. నేను గేటు కాడ నిలబడుకుంటా."

అతను ఒకసారి కృపాకుమారి వైపు, ఒకసారి వీధి వైపు చూశాడు. చెప్పులు వేసుకోకుండానే ఎండలోకి దిగి, రోడ్డు దాటి, ఫరీన్ వాళ్ళ బెల్లు నొక్కాడు. రామాంజినమ్మ మంద మన్ను నెత్తిన పెట్టుకుని, మెడ తిప్పకుండా, ఆ తలుపు బార్లా తెరుచుకునే దాకా గేటు దగ్గరే నిలబడింది.